వోచర్ చేతికొచ్చింది, ఇల్లు మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు

ప్రశ్న: నమస్తే మేడమ్. మేముండేది సెంట్రల్ జెర్సీలో. నాకు 43 ఏళ్లు, బాబుకి 13. వాడికి ఆటిజం. ఆరేళ్ల క్రితం వాళ్ల నాన్న మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయాడు, తర్వాత విడాకులయ్యాయి. నేను డేకేర్‌లో పనిచేస్తాను, నెలకి 2,600 డాలర్లు వస్తాయి. నాకు గ్రీన్‌కార్డు ఉంది, బాబు ఇక్కడే పుట్టాడు. తక్కువ జీతాలవాళ్లకి అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే సెక్షన్ ఎయిట్ వోచర్‌కి ఎప్పుడో అప్లై చేసి మర్చిపోయాను. ఐదేళ్ల తర్వాత మొన్న నా పేరు వచ్చింది. ఇక కష్టాలు తీరాయనుకుని ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చేశాను.

60 రోజుల్లో ఇల్లు చూసుకోమన్నారు. అందులో 34 అయిపోయాయి. ఇప్పటికి 19 చోట్ల అడిగాను. ఫోన్లో మొదట బాగానే మాట్లాడతారు, వోచర్ మాట ఎత్తగానే "మేం ప్రోగ్రామ్స్ తీసుకోం" అని పెట్టేస్తారు. రెండు పెద్ద కాంప్లెక్సుల్లో అద్దెకి మూడింతలు జీతం ఉండాలన్నారు. గుడిలో పరిచయమున్న మన తెలుగాయనకి రెండు ఇళ్లున్నాయి. ఆయన "మీరని కాదమ్మా, సెక్షన్ ఎయిట్ అంటే తలనొప్పి" అన్నారు. ఇంకొకతను ఇస్తానన్నాడు గానీ, కాగితాల్లో రాసింది కాక నెలనెలా 250 డాలర్లు చేతికివ్వమంటున్నాడు.

వోచర్ సంగతి చెప్పకుండా దాచేదా? ఆ 250కి ఒప్పుకునేదా? మా తమ్ముడికి ఒక కాండో, అంటే సొంత ఫ్లాట్, ఉంది, అందులో దిగొచ్చా? డాలస్‌లో ఉన్న మా అక్క "అద్దెలు తక్కువ, ఇక్కడికొచ్చెయ్" అంటోంది. ఇంకొకరేమో ఇది తీసుకుంటే సిటిజన్‌షిప్ రాదని భయపెడుతున్నారు. నాకేం పాలుపోవడం లేదు.

— ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలన్నిటికీ వస్తాను గానీ ముందు 26 రోజుల సంగతి చూద్దాం. ఇల్లు దొరకడం లేదన్న దిగులులో చాలామంది గడువు పెంచమని అడగడమే మర్చిపోతారు. తీరా తేదీ దాటాక వెళ్తే వోచర్ పోతుంది, మళ్లీ ఆ లైన్ చివరికి వెళ్లి నిలబడాలి. 60 రోజులన్నది ఫెడరల్ నిబంధన ప్రకారం కనీస గడువు మాత్రమే. పెంచడం ఈ వోచర్లిచ్చే హౌసింగ్ అథారిటీ చేతిలో ఉంటుంది. మామూలుగా అయితే అది వాళ్ల ఇష్టం. మీ విషయంలో అంత ఇష్టం వాళ్లకి లేదు. ఇంట్లో వైకల్యమున్న మనిషి వల్ల ఎక్కువ సమయం కావాలని అడిగితే, సబబైనంత గడువు ఇచ్చి తీరాలి. దీన్ని వాళ్లు రీజనబుల్ అకామడేషన్ అంటారు. ఉత్తరంలో ఈ రెండు మాటలూ పడాలి. బాబు ఆటిజం వల్ల ఎలాంటి ఇల్లైనా సరిపోదని, వాడి స్కూలు, థెరపీ మారకూడదని, వాడికి విడి గది కావాలని రాయండి. పిల్లల డాక్టరు దగ్గర నాలుగు వాక్యాల చీటీ రాయించుకుని జతచేయండి. నోటిమాటగా చెప్పి రాకండి. ఈమెయిల్ పెట్టండి, లేకపోతే కాగితం ఇచ్చి మీ కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి.

ఆ ఉత్తరంలోనే ఇంకో మాట కూడా. ఒక ఊళ్లో ఎంత అద్దె వరకు సాయం చేస్తారన్న లెక్కని పేమెంట్ స్టాండర్డ్ అంటారు. అది ప్రభుత్వం ఏటా ప్రకటించే ఫెయిర్ మార్కెట్ రెంట్‌లో 90 నుంచి 110 శాతం మధ్య ఉంటుంది. వైకల్యం కారణం చూపిస్తే మీ ఒక్కరికీ 120 శాతం వరకు పెంచే అధికారం అథారిటీకి ఉంది. ఎవరూ పిలిచి చెప్పరు. అడిగినవాళ్లకే.

గడియారం గురించి మరొక్కటి. ఎవరైనా ఓనరు ఒప్పుకుని, ఆ ఇంటికి ఆమోదం ఇమ్మని అథారిటీని అడిగే ఆర్‌ఎఫ్‌టీఏ ఫారం మీద సంతకం పెడితే, మీరది అథారిటీలో ఇచ్చిన రోజు నుంచి వాళ్లు అవునో కాదో రాతపూర్వకంగా చెప్పేదాకా మీ రోజులు లెక్కలోకి రావు. ఆ ఇల్లు తప్పిపోయినా ఆ మధ్య రోజులు మీకు మిగిలినట్టే. ఆఫీసులో ఎవరైనా కాదంటే, నిబంధనల్లో టర్మ్ సస్పెన్షన్ అన్నచోట చూడమనండి.

ఇక అసలు సంగతి. మన దగ్గర ప్రభుత్వ పథకమంటే మంజూరైందంటే వచ్చినట్టే. ఇల్లు మంజూరైతే ఇల్లు, పింఛను మంజూరైతే పింఛను. అందుకే వోచర్ చేతికి రాగానే ఇల్లు వచ్చేసినట్టు ఏడ్చేశారు మీరు. నేనైనా ఏడ్చేదాన్నే. కానీ ఇది ఇల్లు కాదు, ఇల్లు వెతుక్కోవడానికి ఇచ్చిన అనుమతి చీటీ. 1974లో పెట్టినప్పటి నుంచీ ఈ పథకం ప్రైవేటు ఓనర్ల మీద ఆధారపడి నడుస్తోంది. అర్హులైన నలుగురిలో ఒకరికే ఏదో ఒక రకం అద్దె సాయం అందుతుంది. ఆ ఒక్కరిలోనూ వోచర్ వాడుకోలేక వెనక్కి ఇచ్చేసేవాళ్లు బోలెడంతమంది. కాబట్టి 19 చోట్ల కాదన్నారంటే మీలో ఏదో లోపముందని అనుకోకండి. 2018లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఐదు చోట్ల ఓనర్లకి ఫోన్లు చేసి చూసింది. వోచర్ అనగానే కాదన్నవాళ్లు టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 78 శాతం, లాస్ ఏంజెలెస్‌లో 76, ఫిలడెల్ఫియాలో 67, మన న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో 31, వాషింగ్టన్‌లో 15.

ఆ 78కీ 31కీ మధ్య ఉన్న తేడాలోనే మీకు పనికొచ్చే విషయముంది. న్యూజెర్సీలో ఇది చట్టవిరుద్ధం. వోచర్ ఉందన్న కారణంతో అద్దెకివ్వనంటే కుదరదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1999లోనే తీర్పిచ్చింది. ఆ కేసులో ఓనరు కూడా ఈ ప్రభుత్వ కాగితాల బాధ మాకొద్దనే అన్నాడు. అది సాకు కాదంది కోర్టు. 2002లో ఆదాయ మార్గాన్ని రాష్ట్ర వివక్ష నిరోధక చట్టంలోనే చేర్చారు. జాతి, మతం చూసి కాదనడం ఎంత తప్పో, అద్దె ఏ డబ్బుతో కడతారని చూసి కాదనడమూ అంతే తప్పు. దేశమంతటికీ వర్తించే 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టంలో ఇది లేదు, అందుకే రాష్ట్రం దాటితే కథ మారిపోతుంది.

చట్టముంటే మరి 19 మంది ఎలా కాదన్నారంటారా? ఫోన్లో అన్నారు కాబట్టి. ఫోన్లో "లేదు" అనడానికి ఖర్చేమీ లేదు, ఆనవాలూ ఉండదు. ఆ లేదుని మీరు కాగితం మీదికి రప్పించాలి.

దీన్ని ఇలా చేయండి. ప్రకటన కనబడగానే ఫోన్ చేయకండి. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తేదీ, అద్దె కనబడేలా. తర్వాత ఈమెయిల్‌లోనో మెసేజ్‌లోనో రెండే రెండు ముక్కలు అడగండి: ఈ ఇల్లు ఇంకా ఖాళీగా ఉందా, ఎప్పుడొచ్చి చూడొచ్చు. ఉందని జవాబు వచ్చాక, చూడటానికి టైము ఇచ్చాక, రెండో మెసేజ్ పెట్టండి: నాకు హౌసింగ్ వోచర్ ఉంది, అద్దెలో నా వాటా ఇంత, మిగతాది అథారిటీ నేరుగా మీకు కడుతుంది, మీకు కావలసిన ఫారాలు తీసుకొస్తాను. దాచేదా అని అడిగారు కదా. దాచి లాభం లేదు, ఫారం మీద ఓనరు సంతకమే కావాలి. అలాగని మొట్టమొదటి మాటలోనే చెప్పాలన్న నియమమూ లేదు. ఎప్పుడు చెబుతామన్నది మన చేతిలో ఉంది.

నేను చర్చి బేస్‌మెంట్‌లో నడిచే ఒక సహాయ కేంద్రంలో కొన్నాళ్లు దుబాసీ పని చేశాను. ఒక గుంటూరు అమ్మాయి ఇలాగే వచ్చింది. ఆమె ఫోన్లో రెండు మెసేజ్‌లు ఉన్నాయి. ఉదయం 9.40కి "ఉంది, శనివారం రండి" అని ఒక స్మైలీతో సహా. మధ్యాహ్నం 3.15కి, వోచర్ మాట చెప్పిన పావుగంటకి, "సారీ, ఇప్పుడే వెళ్లిపోయింది" అని. ఆ సాయంత్రం మా ఇంకో వలంటీరు తన నంబరు నుంచి అడిగితే, అదే మనిషి, అదే ఇల్లు, "ఉంది, శనివారం రండి". అదే స్మైలీ. ఆ మూడూ ఒక కాగితం మీద పక్కపక్కన అచ్చేసి, రాష్ట్ర సివిల్ రైట్స్ విభాగం వాళ్ల సమాచార పత్రం జతచేసి మేనేజ్‌మెంట్ ఆఫీసుకి పంపాం. తిట్టలేదు, బెదిరించలేదు. "ఏదో పొరపాటు జరిగినట్టుంది, మా దరఖాస్తు పరిశీలించండి" అని రాశాం. సోమవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. ప్రతిసారీ ఇలా జరుగుతుందని చెప్పను. మెసేజ్‌లే లేకపోతే ఆ ఫోన్ వచ్చే ప్రసక్తే లేదు.

మాట వినకపోతే ఆ విభాగంలోనే ఫిర్యాదు చేయొచ్చు. పేరు డివిజన్ ఆన్ సివిల్ రైట్స్. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, జరిగిన 180 రోజుల్లోపు ఇవ్వాలి. మొదటి తప్పుకే 10,000 డాలర్ల వరకు జరిమానా వేయొచ్చు. లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీ వాళ్లకి ఉచిత హాట్‌లైన్ ఉంది, కాగితం రాయడానికి సాయం చేస్తారు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఫిర్యాదు నడిచేసరికి నెలలు పడుతుంది, మీ వోచర్‌కి నెలలు లేవు. అందుకే ఫిర్యాదు ఒకవైపు సాగనిచ్చి, మీరు ఇల్లు వెతకడం మాత్రం ఆపకండి.

ఇప్పుడు ఆ "మూడింతల జీతం" కాంప్లెక్సులు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఆశ కలిగించింది ఈ రెండే. మిగతావాళ్లు కారణం చెప్పలేదు, వీళ్లు తప్పు కారణం చెప్పారు. లెక్క చూడండి. మీ జీతం 2,600. బాబు పేరు మీద, మీరు పనికెళ్లేందుకు వాడి సంరక్షణకయ్యే ఖర్చుల మీద మినహాయింపులు పోను అథారిటీ 2,400గా తేల్చిందనుకుందాం. అందులో 30 శాతం, అంటే 720 డాలర్లు మీ వాటా. అద్దె కరెంటు, గ్యాసుతో కలిపి 2,250 అయితే, అథారిటీ 1,530 కడుతుంది. కాంప్లెక్సువాళ్లు 2,250కి మూడింతలు, నెలకి 6,750 చూపించమంటున్నారు. అంత జీతముంటే మీరు వోచర్‌కి అప్లై చేయడమెందుకు? ఈ షరతుతో వోచర్ ఉన్న ఒక్క మనిషి కూడా ఏ ఇంట్లోకీ దిగలేడు. అందుకే న్యూజెర్సీలో ఆ మూడింతలు అనే లెక్క మీ వాటా మీద మాత్రమే వేయాలి. 720కి మూడింతలు 2,160. మీకు 2,600 ఉంది. పాసైనట్టే.

కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి ఇది తెలియకపోవచ్చు. కంప్యూటర్లో జీతం కొడితే ఎర్రగా చూపిస్తుంది, అంతే ఆమెకి తెలిసింది. ఆమెతో వాదించకండి. పై లెక్కని నాలుగు లైన్లలో రాసి ప్రాపర్టీ మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టండి. పెద్ద కంపెనీలకి లాయర్లుంటారు, వాళ్లకి ఈ చట్టం తెలుసు. పాత అద్దె ఇంట్లో మీరు సరిగ్గా కట్టారా, గొడవలేమైనా ఉన్నాయా అని అందరినీ చూసినట్టే మిమ్మల్నీ చూడొచ్చు. ఆ హక్కు వాళ్లకుంది. ఇప్పుడున్న ఇంటి ఓనరు దగ్గర ఒక మంచి ఉత్తరం రాయించుకోండి.

లెక్క తీసుకున్నాం కాబట్టి ఇంకో గీత కూడా చూపిస్తాను. మీ ఊరి పేమెంట్ స్టాండర్డ్ 2,300 అనుకోండి. అద్దె 2,500 అయితే పైనున్న 200 మీరే భరించాలి, మీ వాటా 920 అవుతుంది. దిగేటప్పుడు మీ వాటా లెక్కలోకి వచ్చే ఆదాయంలో 40 శాతం దాటకూడదు. అంటే 960. కాబట్టి 2,500 ఇల్లు కుదురుతుంది, 2,600 ఇల్లు మీరు కడతానన్నా అథారిటీ ఒప్పుకోదు. ఈ రెండు అంకెలూ మీ కేసులో ఎంతో కేస్‌వర్కర్‌ని అడిగి ఫోన్ వెనకాల చీటీ అంటించుకోండి. కుదరని ఇళ్ల చుట్టూ తిరిగే తిప్పలు తప్పుతాయి. డిపాజిట్ మాత్రం మామూలుగా వోచర్‌లో రాదు. ఇక్కడ చట్టప్రకారం నెలన్నర అద్దె దాకా అడగొచ్చు, అంటే 2,250కి 3,375. దానికి కౌంటీ సోషల్ సర్వీసెస్‌లో ఇప్పుడే అడిగి ఉంచండి.

గుడిలో తెలుగాయన దగ్గరికి వద్దాం. మీకు మిగతా 18 మంది మాటకన్నా ఆయన మాటే ఎక్కువ గుచ్చుకుందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. "మీరని కాదమ్మా" అన్నారు. అమీర్‌పేటలో టులెట్ బోర్డు చూసి మేడమెట్లు ఎక్కినవాళ్లందరికీ ఈ మాట తెలుసు. బ్యాచిలర్లకి ఇవ్వం, మాంసం తినేవాళ్లకి ఇవ్వం, "ఇంతకీ మీరేమిట్లు?" అన్నీ అడిగి చివర్న "మీరని కాదు, మా ఆవిడకి పట్టింపు" అంటారు. ఆ మేడమెట్లు దిగొచ్చినవాళ్లే సముద్రం దాటి ఓనర్లయ్యాక అదే మాట అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రభుత్వ సాయం తీసుకునేవాళ్లంటే చులకన కూడా. ఇంటి లోను వడ్డీ మీద ఏటా పన్ను మినహాయింపు తీసుకుంటారు చూడండి, అది ప్రభుత్వ సాయమని ఒక్కరికీ అనిపించదు.

అయినా ఆయన వైపు నుంచి చెప్పాల్సింది కూడా ఉంది, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఓనర్నే. మా రెండు వాటాల ఇంట్లో పై వాటాని వోచర్ ఉన్న ఒక ముసలావిడకి ఇచ్చాం. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చేతిలో చిన్న టెస్టరు, ప్రతి ప్లగ్గులోనూ పెట్టి లైట్లు చూశాడు. పొయ్యి నాలుగు బర్నర్లూ వెలిగించాడు. కిటికీలు ఒక్కొక్కటీ ఎత్తి దించాడు. బేస్‌మెంట్ మెట్లకి పట్టుకునే కడ్డీ లేదు, పడగ్గది కిటికీ గడియ విరిగింది. ఫెయిల్. మావారు హోమ్ డిపోకి పరిగెత్తి బిగించారు గానీ మళ్లీ ఇన్‌స్పెక్షన్‌కి తేదీ దొరకడానికి 18 రోజులు. ఇల్లు పాసయ్యేదాకా అథారిటీ డబ్బు మొదలవదు. మొదటి చెక్కు ఏడు వారాలకి వచ్చింది. ఆ ఏడు వారాలూ మా ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటిదే ఇది. ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేస్తే కాలేజీవాళ్లు పిల్లల సర్టిఫికెట్లు బిగబట్టుకుంటారు. కోపం ప్రభుత్వం మీద, పడేది పిల్లల మీద.

ఆ మొదటి చెక్కు తర్వాత ఆరేళ్లు, ఒకటో తారీఖు దాటలేదు. 2020లో కోవిడప్పుడు వీధిలో ఓనర్లంతా అద్దెలు రావడం లేదని మొత్తుకుంటుంటే మాకు అథారిటీ వాటా ఠంచనుగా పడింది. ఆవిడ ఆదాయం తగ్గితే అథారిటీ తన వాటా పెంచింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడిన కుర్రాడికి అద్దెకిచ్చిన ఓనరుకి ఆ ధీమా ఉండదు.

ఇదంతా ఆయనకి చెప్పండి. వివక్ష, చట్టం అని మొదలుపెట్టకండి. "మీకు భయం ఇల్లు ఖాళీగా ఉంటుందనా, చెక్కు రాదనా?" అని సూటిగా అడగండి. ఇన్‌స్పెక్టరు ఏమేం చూస్తాడో పైన చెప్పాను. వీలైతే ముందుగానే మీరూ ఆయనా కలిసి ఇల్లంతా తిరిగి చూడండి. గడియలు, మెట్ల కడ్డీ, స్మోక్ డిటెక్టరు, ఊడిపోతున్న పెయింటు. మొదటిసారే పాసైతే సగం ఆలస్యం పోతుంది. ఒక విషయం కనుక్కోండి: ఆయన అద్దెకిచ్చేది తానుంటున్న రెండు వాటాల ఇంట్లో రెండో వాటానా, లేక వేరే ఇల్లా? తానుంటున్న దాంట్లో వాటా అయితే ఈ చట్టం ఆయనకి వర్తించదు, బతిమాలుకోవడమే. వేరే ఇల్లయితే ఆయన అన్న మాట చట్టం ఒప్పుకోనిది. ఆయనకి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. గుడిలో నలుగురి ముందు కాకుండా విడిగా చెప్పండి.

250 డాలర్ల మనిషికి మాత్రం దండం పెట్టి వచ్చేయండి. లీజులో రాసిన మీ వాటా మీద పైసా ఎక్కువ తీసుకున్నా అది అథారిటీతో అతను చేసుకునే ఒప్పందానికి విరుద్ధం. బయటపడితే అతని సంగతి ఎలా ఉన్నా మీ వోచర్ పోవచ్చు. బయటపడకపోతే ఇంకా ఘోరం. ఇవాళ 250, వచ్చే ఏడు 400, కాదంటే "చెప్పేస్తాను" అంటాడు. అద్దె నిజంగా పేమెంట్ స్టాండర్డ్ కన్నా ఎక్కువైతే దానికి ఇందాక చెప్పిన 40 శాతం లెక్క ఉంది, అది లీజులోనే రాసుకోవచ్చు. చేతికి ఇమ్మన్నాడంటే రాయడానికి వీల్లేనిది అడుగుతున్నాడన్నమాట.

తమ్ముడి కాండో. అమ్మా, ఆయన సొంత తమ్ముడా, బాబాయి కొడుకా? మనకి ఇద్దరూ తమ్ముళ్లే, అమెరికా ఫారానికి కాదు. వోచర్‌తో తల్లిదండ్రులు, పిల్లలు, తాతలు, మనవలు, తోబుట్టువుల ఇళ్లలో అద్దెకి ఉండకూడదని నియమం. అందులో బాబాయి కొడుకు, పిన్ని కొడుకు, మేనమామ లేరు. పిన్ని కొడుకైతే ఇవాళే ఫారం నింపండి, చుట్టరికం ఏమిటో ఉన్నదున్నట్టు రాసి. సొంత తమ్ముడైనా దారి మూసుకుపోలేదు. వైకల్యమున్న మనిషికి ఆ ఇంటివల్లే మేలు జరుగుతుందని అథారిటీ ఒప్పుకుంటే మినహాయింపు ఇస్తుంది. ఆ కాండో బాబు స్కూలు దగ్గరుందా, వాడికి అలవాటైన ఇల్లా, మీరు డ్యూటీలో ఉన్నప్పుడు మేనమామ చూసుకుంటాడా? ఇవన్నీ డాక్టరు చీటీతో కలిపి రాయండి. తమ్ముడు మీతో పాటు ఆ ఇంట్లోనే కాపురం ఉండకూడదు, అది వేరే చిక్కు.

డాలస్ మాట. వోచర్ పట్టుకుని దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు. అప్లై చేసినప్పుడు మీరు ఈ అథారిటీ పరిధిలోనే ఉన్నట్టయితే ఏడాది ఆగనక్కర్లేదు కూడా. కానీ పైన డాలస్ పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్ అంకె చూశారుగా. ఆస్టిన్ నగరం వోచర్ ఉన్నవాళ్లని కాదనకూడదని 2014లో నియమం పెడితే, అలాంటి నియమాలు ఏ ఊరూ పెట్టడానికి వీల్లేదని 2015లో టెక్సస్ రాష్ట్రం చట్టమే చేసింది. మాజీ సైనికులకి మాత్రం మినహాయింపు. అంటే అక్కడ మేనేజరు మొహం మీదే కాదనొచ్చు, మీరు స్క్రీన్‌షాట్ తీసి ఏం చేసుకోవాలి? అద్దె తక్కువే కావచ్చు. ఇచ్చేవాళ్లుండాలిగా. పైగా బాబు స్కూలు ప్లాన్, థెరపీ అన్నీ మొదటి నుంచి. అక్కయ్యకి ప్రేమగా చెప్పండి, వేసవి సెలవులకి వస్తామని.

సిటిజన్‌షిప్ గురించి భయపెట్టినవాళ్లు రెండు సంగతులు కలిపేశారు. ప్రభుత్వం మీద ఆధారపడతారేమోనని చూసే పబ్లిక్ చార్జ్ పరీక్ష ముఖ్యంగా గ్రీన్‌కార్డు ఇచ్చేటప్పుడు. సిటిజన్‌షిప్ దరఖాస్తుకి ఆ పరీక్ష లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి వోచర్ చట్టప్రకారమే ఇస్తారు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి రాదు, అందుకే మనవాళ్లలో చాలామందికి దీని గురించి వినికిడే తప్ప తెలియదు. అథారిటీకి ఇచ్చే కాగితాల్లో జీతం, ఇంట్లో ఉండే మనుషులు నిజం రాయండి. ఇంకో మాట: ఆరు నెలలు దాటి ఇండియాలో ఉండిపోయే పని మాత్రం పెట్టుకోకండి. తిరిగొచ్చేటప్పుడు లేనిపోని ప్రశ్నలొస్తాయి.

ఇవాళ రాత్రి బాబు పడుకున్నాక రెండే పనులు చేయండి. గడువు పెంచమనే ఉత్తరం ఒకటి. ఆ రెండు కాంప్లెక్సుల మేనేజర్లకి 720, 2,160 లెక్కతో ఈమెయిల్ ఒకటి. మీ అసలు వాటా ఎంతో కేస్‌వర్కర్ ఇచ్చిన కాగితంలో చూసి ఆ అంకె వేయండి, నా ఊహ లెక్క కాదు. వాళ్లు ఏమని రాసినా, అసలేమీ రాయకపోయినా, పది రోజుల తర్వాత నాకొక ముక్క పంపండి. ఆ ఈమెయిళ్లు మాత్రం డిలీట్ చేయకండి.